ఏ నర్సింలు?

బొంరాస్‌పేట మండలములోని ఏ గ్రామమునకైనను పోయి, దారిలో కనబడినవారిని నర్సింలు ఇల్లెక్కడ అని అడిగినచో, ఇల్లు చూపుటకు ముందు వారే తిరిగి ఒక ప్రశ్న వేయుదురు: "ఏ నర్సింలు సార్? బాయికాడి నర్సింలా, హోటల్ నర్సింలా, పెంటప్ప కొడుకు నర్సింలా?" అనంతగిరిపై వెలసిన పద్మనాభస్వామి పేరిట అనంతయ్యలును అనంతమ్మలును, కొడంగల్ వేంకటేశ్వరుని పేరిట వెంకటయ్యలును, తాండూరు భద్రేశ్వరుని పేరిట భద్రప్పలును, కన్నడసీమ పొరుగున నుండుటచే చంద్రప్ప, కిష్టప్ప, మొగులప్ప వంటి నామములును ఈ ప్రాంతమున విస్తారముగా నుండుటవలన, ఒక్క పేరు ఒక్క మనిషిని గుర్తించుటకు చాలదు. కావుననే ఊరు తనకు తానుగా ఒక పద్ధతిని కల్పించుకొన్నది. తండ్రి పేరో, ఇంటి ఆనవాలో, చేయు పనియో, చిన్ననాటి అల్లరియో పేరునకు ముందు చేరి, అదియే అసలు పేరై కూర్చుండును. ఆ పేరు ఆధార్ కార్డుపై నుండదు, పట్టాదారు పాసుపుస్తకములో నుండదు, పదవ తరగతి మెమోలో అసలే యుండదు. అయినను పెండ్లిపిలుపు గాని, అప్పులవాని కబురు గాని ఆ పేరు పట్టుకొనియే తప్పిపోకుండ ఇల్లు చేరును.

ఇట్టి మనిషి చేతికి స్మార్ట్‌ఫోన్ వచ్చి, ఫేస్‌బుక్‌లో ఖాతా తెరవబూనునప్పుడు రెండు గళ్లు ఎదురగును; ఒకటి మొదటి పేరునకు, రెండవది చివరి పేరునకు. ఇంటిపేరు ముందును, పెట్టిన పేరు వెనుకను వచ్చుట మన ఆచారము. ఆ గళ్లు కట్టినవారి ఆచారము దానికి తలక్రిందులు. అందుచే కొందరు ఇంటిపేరును వెనుకకు నెట్టుదురు, కొందరు పొడి అక్షరమునే చివరి పేరుగా నింపుదురు, కొందరు తండ్రి పేరు వ్రాయుదురు, పడుచువాండ్రు కొందరు అభిమాన నటుని పేరు తగిలించుకొని తృప్తిపడుదురు. ఇక ఇంగ్లీషు అక్షరముల సంగతి చెప్పనక్కరలేదు. బడిలో పంతులు వ్రాసినది ఒక తీరు, ఆధార్ నమోదు చేసినవాడు కొట్టినది మరియొక తీరు, బ్యాంకు పుస్తకముపై పడినది ఇంకొక తీరు. మీసేవ కేంద్రము ముందర కాగితముల కట్టతో నిలుచున్న రైతు, "నా పేరు నాదే గద సార్, మల్ల కంప్యూటర్ల నాది గాదని వస్తదేంది?" అని అడుగుట ఇచ్చటివారికి క్రొత్త కాదు. ఒక అక్షరము తేడాకు రావలసిన పైకము నిలిచిపోవు ఈ దేశములో, నీ నిజమైన పేరు వ్రాయుమను ఆజ్ఞ వినుటకు ఉన్నంత సులభముగా ఆచరణలో నుండదు.

ఆ ఆజ్ఞ పుట్టిన చోటు వేరు. 2004లో హార్వర్డు విశ్వవిద్యాలయములో ఫేస్‌బుక్ మొదలైనప్పుడు అది ఒక కళాశాల విద్యార్థుల ముఖపరిచయ పుస్తకము వంటిది. కళాశాల ఇచ్చిన ఈమెయిలు చిరునామా గలవారికే ప్రవేశము కావున, ప్రతివాడును తన రిజిస్టరులోని పేరుతోనే వచ్చెను. ఎదుటివాడు తరగతిలో ప్రక్క బల్లవాడే కావున ఆ పేరు దాచవలసిన పనియు లేకపోయెను. ఒక విద్యాలయపు గోడలలోపల సహజముగా నుండిన ఆ మర్యాదనే తరువాత ప్రపంచమంతటికిని నియమము చేసిరి. 2011లో గూగుల్ సంస్థ గూగుల్ ప్లస్ అను వేదికను తెరచి, అట్టి నియమమునే విధించి, మారుపేర్లవారి ఖాతాలను తొలగింపగా పెద్ద రగడ చెలరేగెను. మూడేండ్లకు, 2014 జూలైలో, ఆ సంస్థ నియమమును ఎత్తివేసి, అది అనేకులకు ఇబ్బంది కలిగించినదని ఒప్పుకొనెను. ఆ సంవత్సరమే సెప్టెంబరులో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున స్త్రీవేషములు ధరించి రంగస్థల నామములతోనే జీవించు కళాకారుల ఖాతాలను ఫేస్‌బుక్ మూసివేసెను. వారు ఉద్యమింపగా అక్టోబరు 1వ తేదీన ఆ సంస్థ ఉన్నతాధికారి క్రిస్ కాక్స్ క్షమాపణ చెప్పెను. అమెరికా ఆదివాసుల గోడు ఇంతకంటె విచిత్రమైనది. లకోటా తెగకు చెందిన డానా లోన్‌హిల్ అను రచయిత్రి పేరు, ఆమెకు పుట్టుకతో వచ్చినదే అయినను, 2015లో కంపెనీ కంటికి బూటకముగా కనబడెను.

క్షమాపణ చెప్పునపుడు ఆ సంస్థ ఇచ్చిన వివరణ గమనింపదగినది. చట్టమునందలి పేరు తాము ఎన్నడును కోరలేదనియు, నిత్యజీవితములో నలుగురును పిలుచు పేరే తమకు కావలసినదనియు వారు చెప్పిరి. అట్లయినచో బాయికాడి నర్సింలునకు చిక్కే లేదు. కాని ఎవడైన ఒకడు ఫిర్యాదు చేసిన మరుక్షణము కంపెనీ అడుగునది ఊరివారి సాక్ష్యమును కాదు, కార్డును. పిలుచు పేరు కావలెనని నోటితో చెప్పి, వ్రాసిన పేరు చూపుమని చేయి చాచుటలోనే ఈ నియమపు కపటమంతయు ఉన్నది. ఫిర్యాదు చేయువాడు తన పేరు చెప్పనక్కరలేకపోవుట దీనిలోని మరియొక వింత. 2015 డిసెంబరులో సంస్థ ఈ పద్ధతిని కొంత సడలించి, ఫిర్యాదుచేయువాడు కారణము చూపవలెననియు, ఖాతాదారు తన ప్రత్యేక పరిస్థితిని విన్నవించుకొనవచ్చుననియు మార్పు తెచ్చెను. అంతకు కొలదినెలల క్రిందట కేరళలో ఒక ఉదంతము జరిగెను. అబ్దుల్ కలాం మరణానంతరము ఆయనను విమర్శించుచు ప్రీత అను కార్యకర్త వ్రాయగా, కోపించినవారు మూకుమ్మడిగా ఫిర్యాదుచేసి ఆమె ఖాతా మూయించిరి. గుర్తింపు పత్రములు చూపిన పిమ్మట అది మరల తెరచుకొనునప్పటికి, ఆమె వాడుక మానుకొన్న కులసూచక నామము ఖాతాపై ప్రత్యక్షమయ్యెను.

ఈ చివరి సంగతి తెలుగువారికి విడమరచి చెప్పనక్కరలేదు. రెడ్డి, రావు, గౌడ్, చారి, నాయుడు అను తోకలు చూచినంతనే మనిషి ఏ బంతిలో కూర్చుండునో లెక్కగట్టు అలవాటు మన సమాజమునకు పాతది. తోక లేనివానికి ఇంటిపేరున్నది, ఇంటిపేరు వినియు అర్థము కానిచో "మీదే ఊరు, మీరెవరోళ్లు?" అను ప్రశ్న ఉన్నది. ఈ లెక్కనుండి తప్పుకొనుటకు పేరు మార్చుకొనుట మన సాహిత్యములో గౌరవనీయమైన కార్యమేగాని దొంగతనము కాదు. 1965లో హైదరాబాదున అర్ధరాత్రివేళ, నాంపల్లి పాండు అను రిక్షాకార్మికుని చేత తమ తొలి సంపుటిని ఆవిష్కరింపజేసిన దిగంబర కవులు ఆరుగురును మారుపేర్లతోనే లోకమునకు తెలియుదురు. యాదవరెడ్డి నిఖిలేశ్వరుడయ్యెను, భాస్కరరెడ్డి చెరబండరాజయ్యెను, రాఘవాచార్యులు జ్వాలాముఖి అయ్యెను. కులము చెప్పు పేర్లను వారు బట్టలవలె విడిచివేసిరి. నేడు వారు ఖాతాలు తెరచి, వారి వ్రాతలు నచ్చనివారు పదిమంది ఫిర్యాదు చేసినచో, చెరబండరాజును భాస్కరరెడ్డిగా మార్చి కంపెనీ మనకు తిరిగి అప్పగించియుండెడిది.

నిజాం కాలపు మాట తలచుకొన్నను ఇదియే తేలును. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డి ఒక్క చేతిమీదుగా సంపాదకీయములును, వ్యాసములును, చమత్కారములును పలు మారుపేర్లతో వ్రాసెను. ఆ పేర్ల వెనుకనున్నది ఎవరో సర్కారు తెలిసికొనలేకపోయెనని కాదు. పత్రికకు సంపాదకుడున్నాడు, అచ్చుకూటమున్నది, బాధ్యత వహించు మనిషి ఉన్నాడు. పాఠకునికి మాత్రము పేరుకంటె మాట ముందు కనబడెను. ఇక బీనాదేవి విషయము చూడుడు: న్యాయమూర్తి భాగవతుల నరసింగరావును, ఆయన భార్య బాలాత్రిపురసుందరమ్మయు కలిసి ధరించిన ఒక్క పేరు అది. ఇద్దరు మనుషుల ఈ ఒక్క పేరునకు ఆధార్ కార్డు ఎవరు చూపవలెనో, ఫేస్‌బుక్ నియమావళిలో వెదకినను దొరకదు.

సాహిత్యము మాట అటుంచుదము. బొంరాస్‌పేట వంటి చోట మహిళాసంఘపు వాట్సాప్ గ్రూపును ఒకసారి తెరచి చూచినచో, ఈ విషయము మరింత దగ్గరగా తెలియును. పొదుపు లెక్కలు, బ్యాంకు కిస్తీల గడువులు, సమావేశపు కబుర్లు అందులో వచ్చుచుండును. సభ్యురాండ్ర గుండ్రని బొమ్మలలో స్త్రీముఖము కనబడుట అరుదు. ఒకరిది గులాబిపువ్వు, ఒకరిది లక్ష్మీదేవి, ఒకరిది మనుమడు, ఒకరిది భర్తయు మోటారుసైకిలును. పేర్లును అట్లే, కొడుకు పేరో, "అమ్మ" అను ఒక్క మాటయో, వట్టి చుక్కయో. వీరెవరును ఎవరిని మోసగించుటకు ముఖము దాచుకొనలేదు. ఊరిలో అందరికిని వీరెవరో తెలియును. తెలియనివారికి తెలియకుండుటయే వీరు కోరునది. కాని ఆ గ్రూపులో ప్రతి సభ్యురాలి ఫోన్ నంబరును తక్కిన వారందరికిని కనబడుచుండును. పేరు దాచుకొన్న ఇల్లాలి నంబరు, గ్రూపులో ఎవరి భర్త ఫోనునుండియో బయటపడి, రాత్రి పదిగంటలకు తెలియని గొంతుక "ఎవరండీ మీరు?" అని పలుకరించినప్పుడు గాని, అసలు దాచుకొనవలసినది ఏదో ఆమెకు బోధపడదు.

గుప్తనామములను నిషేధింపవలెననువారు చెప్పు ప్రధానకారణము మోసము. కారణము బలమైనదే. కాని తెలంగాణలో కొన్నేండ్లుగా ప్రజలు ఎట్లు మోసపోవుచున్నారో పరిశీలింపుడు. పోలీసు అధికారి ఫొటోయు, ఆయన పూర్తిపేరును, హోదాయు పెట్టి ఒక నకిలీ ఖాతా తెరుతురు. పరిచయస్థులకు స్నేహాభ్యర్థనలు పంపుదురు. బదిలీయైన మిత్రుడు ఇంటి సామాను చౌకగా అమ్ముచున్నాడనియో, ఆస్పత్రి ఖర్చులకు అత్యవసరమనియో పైకము లాగుదురు. ఈ మోసగాడు మారుపేరు పెట్టుకొనడు. అతడు పెట్టుకొనునది అక్షరాల నిజమైన పేరు. కాని అది ఇంకొకరిది. నిజమైన పేర్లకే విలువ కట్టు వేదికలో దొంగ దొంగిలించునది నిజమైన పేరునే. ఇట్టి మోసమునకు గురియైనవారు వెంటనే 1930 నంబరునకు ఫోన్ చేయుట మంచిది. మొదటి గంటలలో చెప్పినచో పైకము మధ్యలోనే ఆపుటకు అవకాశమెక్కువ.

నిజనామమును చట్టముచేసి చూచిన దేశమొకటి ఉన్నది. దక్షిణ కొరియా 2007లో, దినమునకు మూడు లక్షలకు మించి సందర్శకులు వచ్చు వేదికలలో వ్రాయువారు తమ గుర్తింపు నిరూపించుకొనవలెనని శాసించి, తరువాత ఆ పరిమితిని లక్షకు దింపెను. యూట్యూబ్ ఆ నియమమునకు లోబడనొల్లక 2009లో కొరియా విభాగమున వీడియోలు పెట్టు సౌకర్యమునే నిలిపివేసెను. దుర్భాషలు తగ్గునని ఆ దేశపు ప్రభుత్వము ఆశించెను; చెప్పదగినంత తగ్గిన జాడ కనబడలేదు. కనబడినది వేరొకటి: అందరి వివరములును కంపెనీలవద్ద కుప్పపడియుండగా, 2011 జూలైలో నేట్, సైవరల్డ్ అను వేదికలపై దొంగలు పడి మూడున్నర కోట్లమంది సమాచారమును దోచుకొనిరి. ఆ దేశపు జనాభాయే సుమారు ఐదుకోట్లు. 2012 ఆగస్టు 23న ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము ఏకగ్రీవముగా ఆ చట్టమును కొట్టివేసెను.

సొంతపేరుతో వ్రాసినవారికి మన యొద్ద ఏమి దక్కినదో కూడ చెప్పుకొనవలెను. 2013 మే నెలలో పౌరహక్కుల నాయకురాలును న్యాయవాదియునగు జయ వింధ్యాల, అప్పటి తమిళనాడు గవర్నరు రోశయ్యను, చీరాల శాసనసభ్యుడు ఆమంచి కృష్ణమోహన్‌ను గూర్చి ఫేస్‌బుక్‌లో వ్రాసినందుకు ఐటీ చట్టము 66ఎ సెక్షను క్రింద అరెస్టు చేయబడెను. ఆమె ముసుగు వేసికొనలేదు. తన పేరుతోనే వ్రాసెను. ఆ నెలలోనే సుప్రీంకోర్టు, ఉన్నతాధికారుల అనుమతి లేక ఇట్టి వ్రాతలకు అరెస్టు చేయరాదని హెచ్చరించెను. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ వ్యాజ్యములో ఆ సెక్షనునే రద్దుచేసెను. తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తులలో ఒకరు కృష్ణాజిల్లా పెదముత్తేవికి చెందిన జాస్తి చలమేశ్వర్.

మారుపేరునకు అండయైనది గోప్యతాహక్కు; ఆ హక్కు చరిత్రలో తెలుగువారి పాత్ర నిజమునకు ఇంతకంటె పాతది, లోతైనది. ఉత్తరప్రదేశమున ఖరక్ సింగ్ అను నతడు 1941లో ఒక దోపిడి కేసులో పట్టుబడి, సాక్ష్యము లేక విడుదలయ్యెను. అయినను పోలీసులు అతని పేర ఒక చిట్టా తెరచి, రాత్రివేళలయందు చౌకీదారును వెంటబెట్టుకొని వచ్చి తలుపు తట్టుచు, నిద్రలేపి ఉన్నాడా లేడా అని చూచుచు, అతడు ఎచ్చటికి పోవునో ఎవరితో కలియునో వ్రాసికొనుచు వచ్చిరి. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు మెజారిటీ న్యాయమూర్తులు రాత్రి తలుపు తట్టుటను మాత్రము తప్పుపట్టి, గోప్యత అనునది రాజ్యాంగము హామీ ఇచ్చిన హక్కు కాదని చెప్పి, తక్కిన నిఘాను నిలువనిచ్చిరి. రాజమహేంద్రవరమున జన్మించి, ఆంధ్రరాష్ట్ర హైకోర్టునకు తొలి ప్రధానన్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు దానితో ఏకీభవింపలేదు. రాజ్యాంగములో ఆ మాట ప్రత్యేకముగా లేకపోయినను, గోప్యత వ్యక్తిస్వేచ్ఛకు అత్యవసరమైన అంగమనియు, నిరంతరము కనిపెట్టుచుండు కన్ను మనిషి మనస్సునే బంధించుననియు ఆయన తన భిన్నాభిప్రాయములో వ్రాసెను. ఆ మాట అర్ధశతాబ్దికి పైగా ఫైళ్లలో వేచియుండెను. 2004లో హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారునకును కెనరా బ్యాంకునకును జరిగిన వ్యాజ్యములో, ఖాతాదారుడు బ్యాంకు చేతికిచ్చిన కాగితములను అధికారులు ఇష్టము వచ్చినట్లు తడవుటకు వీలిచ్చిన ఆంధ్రప్రదేశ్ స్టాంపు చట్టసవరణ చెల్లదని సుప్రీంకోర్టు తీర్పుచెప్పుచు, కాగితము పరుని చేతికి పోయినంత మాత్రమున దానిపై మనిషి గోప్యత పోదనెను. తుదకు 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముతో గోప్యతను ప్రాథమికహక్కుగా ప్రకటించి, సుబ్బారావు మాటనే సరియైనదిగా స్వీకరించిరి. ఆ పీఠముపై చలమేశ్వర్ కూర్చుండెను. వ్యాజ్యము వేసిన పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తియే కాక, ఒకప్పుడు ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషనుకు అధ్యక్షుడు కూడ.

ఖరక్ సింగ్ తలుపు తట్టిన చౌకీదారు నేడు మన జేబులోనే ఉన్నాడు. ఫేస్‌బుక్ వాడుకరుల సమాచారము కేంబ్రిడ్జి అనలిటికా అను సంస్థకు చేరినదని 2018లో బయటపడిన కుంభకోణములో, మనదేశమున ఒక క్విజ్ వంటి యాప్‌ను తమ చేతులతో పెట్టుకొన్నవారు 335 మంది మాత్రమేనట. వారి స్నేహితుల జాబితాల ద్వారా వివరములు పోయియుండవచ్చునని ఫేస్‌బుక్ స్వయముగా లెక్కగట్టిన భారతీయులు 5,62,120 మంది. 2021లో యాభైకోట్లకు పైబడిన ఫేస్‌బుక్ ఖాతాల ఫోన్ నంబర్లు, పేర్లతో సహా, బహిరంగముగా దొరకినవి. పేరు మారుపేరైనచో ఆ నంబరు ఒక అంకెల వరుస. పేరు నిజమైనచో అది ఒక మనిషి ఇంటి తలుపు. ఇంతచేసి, ఈ దేశములో సిమ్ కార్డు గుర్తింపుపత్రము లేక దొరకదు కావున, మారుపేరుతో వ్రాయువాడు పోలీసులకు సాధారణముగా అజ్ఞాతుడు కాడు. నేరము చేసినవానిని కోర్టు ఉత్తరువుతో పట్టుకొనవచ్చును. అజ్ఞాతుడైనది గుంపునకు మాత్రమే. చట్టమునకు తెలియవలసిన పేరు గుంపునకు కూడ తెలియవలెనని పట్టుబట్టువారు, ఆ గుంపు రాళ్లు పట్టుకొన్ననాడు ఎవరు అడ్డుపడుదురో చెప్పరు.

ప్రభుత్వము సయితము ఈ విషయములో మధ్యేమార్గమే తొక్కినది. 2021 ఫిబ్రవరి ఐటీ నియమములు, యాభైలక్షలకు మించి వాడుకరులున్న వేదికలు గుర్తింపు నిరూపణ సౌకర్యము కల్పింపవలెనన్నవి గాని, అది వాడుకరి ఇష్టమునకే విడిచినవి. 2017 డిసెంబరులో ఫేస్‌బుక్, క్రొత్తగా చేరు కొందరు భారతీయులను ఆధార్‌లోని పేరు వాడుడని ప్రయోగాత్మకముగా కోరి, విమర్శ రాగానే విరమించుకొనెను. అయితే నియమములలో ఎంత సంయమమున్నను, ఉద్రిక్తవేళ అధికారము చేయు పని వేరు. 2024 నవంబరులో ఈ ప్రాంతపు లగచర్ల గ్రామములో భూసేకరణ విషయమై అధికారులపై దాడి జరిగిన పిమ్మట, దుద్యాల, కొడంగల్, బొంరాస్‌పేట మండలములలో ఇంటర్నెట్టే నిలిచిపోయెను. పేరున్నవాడును, పేరు లేనివాడును, ఏ గ్రూపులోను నోరు విప్పని కిరాణాకొట్టువాడును ఒక్కటే వరుసలో నిలిచిరి. ఫోనుద్వారా డబ్బు చెల్లించుటకు అలవాటుపడినవారు మరల చిల్లర వెదకికొనవలసి వచ్చెను.

వాడుకరి చేతిలో నున్న ఉపాయములు కొలదిగా నైనను ఉన్నవి. ఫేస్‌బుక్ సెట్టింగులలో, ఫోన్ నంబరుతో నన్ను వెదకుటకు ఎవరికి అనుమతి అను చోట "నేను మాత్రమే" అని మార్చుకొనవచ్చును. అపరిచితులకు ఫొటోలు కనబడకుండ ప్రొఫైల్‌నకు తాళము వేయు సౌకర్యమును ఆ సంస్థ 2020లో, ముఖ్యముగా స్త్రీల కొరకని చెప్పి, భారతదేశమున ప్రవేశపెట్టెను. వాట్సాప్‌లో తన్ను గ్రూపులలో చేర్చు అధికారము పరిచయస్థులకు మాత్రమే ఇచ్చుకొనవచ్చును. ఈ మూడింటికిని కలిపి పావుగంట పట్టదు. ఇంటిలోని కాలేజీ పిల్ల చేత చేయించుకొన్నను సరియే.

2023లో ఆమోదము పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునకు నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యమైన బాధ్యతలు అమలులోనికి వచ్చుటకు పదునెనిమిది నెలల గడువిచ్చిరి. సమాచారమును కాపాడలేని కంపెనీకి 250 కోట్ల రూపాయలవరకు జరిమానా పడవచ్చును. సమ్మతి కోరు పత్రమును ఇంగ్లీషులోనే కాక రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషయందైనను చదువుకొను అవకాశమీయవలెనన్న నిబంధన అందులో ఉన్నది. తెలుగు ఆ షెడ్యూలులో మొదటినుండియు ఉన్నదే. తన సమాచారమును సరిదిద్దించుకొనుటకును, తుడిపించుకొనుటకును వాడుకరికి హక్కిచ్చిరి. ఏ పేరుతో పిలువబడవలెనో నిర్ణయించుకొను హక్కును గూర్చి మాత్రము ఆ చట్టమున ఒక్క సెక్షనును లేదు; ఆ సంగతి ఇప్పటికిని కంపెనీల నియమావళికే విడిచిపెట్టబడియున్నది, ఆ నియమావళిని కంపెనీలు తమకు తోచినప్పుడు మార్చుకొనుచునే యున్నవి.